పెద్ద గబ్బిలమా, హార్న్‌బిల్ పక్షా: ఏడాది పరిశీలనకు ఏది తగినది?

ఏడాది పాటు ఒకే ఒక్క జీవిని వదలకుండా గమనించాలని నిశ్చయించుకున్నవారికి మొదట ఎదురయ్యే చిక్కు ఎంపికే. జంతుశాస్త్రంలో పీజీ ప్రాజెక్టు చేయవలసిన విద్యార్థులు, బడిలో ఎకో క్లబ్ నడుపుతున్న ఉపాధ్యాయులు, ఉద్యోగ విరమణ తరువాత బైనాక్యులర్ కొనుక్కున్న పెద్దలు నన్ను ఈ విషయమై అడుగుతూనే ఉంటారు. వారి నోటి నుంచి ముందుగా వచ్చే పేరు దాదాపు ప్రతిసారీ హార్న్‌బిల్‌దే. అందమైన పక్షి, అరుదైన పక్షి, ఫోటోలో చూడగానే మనసు లాగే పక్షి. నేను మాత్రం వారిలో చాలామందిని పండ్లు తినే పెద్ద గబ్బిలం వైపు మళ్ళించాను. ఆ సలహా అందరికీ వర్తించదు. ఎవరికి వర్తిస్తుందో, ఎవరికి వర్తించదో చెప్పడానికే ఈ పోలిక.

ఈ రెండింటినీ పోల్చడంలో అర్థం ఉంది. రెండూ ఉష్ణమండలపు జీవులే, రెండింటికీ పండ్లే ప్రధానాహారం, మర్రి, రావి, జువ్వి, మేడి జాతుల చెట్లంటే రెండింటికీ ప్రాణం. బరువులో కూడా మరీ అంత దూరం లేదు. ఒకటి పగలు చేసే పనిని మరొకటి రాత్రి చేస్తుంది. ఒకదానిని చూడడానికి జనం వందల కిలోమీటర్లు ప్రయాణం చేస్తారు, రెండవది ఊరి చెట్టుకు వేలాడుతున్నా తలెత్తి చూడరు.

ఏ గబ్బిలం, ఏ పక్షి

ఇక్కడ గబ్బిలం అంటే పాత గుళ్ళలోనూ పాడుబడిన ఇళ్ళ చూరుల్లోనూ చీకట్లో రివ్వున తిరిగే చిన్న గబ్బిలం కాదు. నేను చెబుతున్న పెద్ద గబ్బిలం శాస్త్రనామం టెరోపస్ మీడియస్. పాత వ్యాసాలలో దీనినే టెరోపస్ జైగాంటియస్ అని రాసేవారు కనుక, చదవడానికి సామగ్రి వెతికేవారు రెండు పేర్లతోనూ వెతకాలి. రెక్కలు చాచితే ఆ చివరి నుంచి ఈ చివరికి 1.2 నుంచి 1.5 మీటర్లు, బరువు గరిష్ఠంగా 1.6 కిలోలు. మొహం నక్క పిల్ల మొహంలా ఉంటుంది, మెడ చుట్టూ బంగారు గోధుమ రంగు బొచ్చు ఉంటుంది. చిన్న గబ్బిలాల మాదిరిగా ఇది తన అరుపుల ప్రతిధ్వనిని విని దారి వెతుక్కోదు, పెద్ద కళ్ళనూ వాసననూ నమ్ముకుంటుంది. గబ్బిలాలన్నీ గుడ్డివనే లోకోక్తి దీని విషయంలో పూర్తిగా తప్పు.

హార్న్‌బిల్‌లలో మన దేశంలో అనేక జాతులున్నాయి. నేను పోలికకు తీసుకున్నది మలబార్ పైడ్ హార్న్‌బిల్, అంటే నలుపు తెలుపు రంగులలో ఉండే మలబార్ హార్న్‌బిల్. శాస్త్రనామం ఆంత్రకోసెరోస్ కొరోనేటస్. పొడవు సుమారు 65 సెంటీమీటర్లు, బరువు దాదాపు కిలో. లేత పసుపు ముక్కు మీద పడవ బోర్లించినట్టుగా ఒక తొడుగు, దాని మీద పెద్ద నల్ల మచ్చ ఉంటాయి. ఆడదానికి కంటి చుట్టూ చర్మం తెల్లగా ఉంటుంది, మగదానికి నల్లగా ఉంటుంది. ఈ ఒక్క గుర్తు పట్టుకుంటే దూరం నుంచి కూడా జంటలో ఎవరెవరో చెప్పవచ్చు. అంత పెద్ద ముక్కును మోయడానికి అనువుగా హార్న్‌బిల్‌ల మెడలోని మొదటి రెండు ఎముకలు ఒకటిగా అతుక్కుని ఉంటాయి. పక్షులలో మరే కుటుంబానికీ ఈ ఏర్పాటు లేదు. తెలుగులో కొమ్ముకత్తిరి అనే పేరు ఉన్నప్పటికీ అది మైదానాలలో కనిపించే బూడిదరంగు హార్న్‌బిల్‌కు ఎక్కువగా చెల్లుతుంది కాబట్టి ఇక్కడ హార్న్‌బిల్ అనే మాటనే వాడుతున్నాను.

అందుబాటు

ఎంపికలో నా దృష్టికి అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న ఇదే: వారానికి కనీసం రెండుసార్లు, అలసట లేకుండా, ఆ జీవి ఉన్న చోటికి మీరు చేరుకోగలరా?

గబ్బిలం విషయంలో జవాబు సాధారణంగా అవుననే వస్తుంది. చెరువు గట్టున ఉన్న చింతచెట్లు, గుడి దగ్గరి మర్రి, కాలేజీ ఆవరణలోని నిద్రగన్నేరు, రోడ్డు పక్కన ఎత్తుగా పెరిగిన నీలగిరి చెట్లు దీనికి పగటి బస. ఒకసారి కుదిరితే ఏళ్ళ తరబడి, కొన్నిచోట్ల తరాల తరబడి, అదే చెట్టును వదలదు. ఎక్కడుందో తెలుసుకోవడానికి అటవీశాఖ దాకా వెళ్ళనక్కరలేదు. కల్లుగీత కార్మికులనూ మామిడితోట కాపలాదారునూ గుడి పూజారినీ అడిగితే చాలు. అవి ఏ వేళకు లేస్తాయో, ఏ దిక్కుకు పోతాయో కూడా వారే చెబుతారు, ఆ మాట చాలావరకు నిజమే అవుతుంది.

మలబార్ హార్న్‌బిల్ కోసం మీరే అడవికి కదలాలి. ఆంధ్రప్రదేశ్‌లో తూర్పు కనుమలలోని మారేడుమిల్లి, పాపికొండల అడవులు దీనికి పేరున్న చోట్లు. రాజమహేంద్రవరం నుంచి మారేడుమిల్లి సుమారు 85 కిలోమీటర్లు. సులువుగా, ఎక్కువ సంఖ్యలో చూడదలచినవారు కర్ణాటకలోని దాండేలికి వెళతారు. అక్కడ కాళీ నది వెంబడి అడవిని 2011లో హార్న్‌బిల్‌ల కోసమే సంరక్షణ ప్రాంతంగా ప్రకటించారు. అయితే చూసి రావడం వేరు, పరిశీలన వేరు. రెండు రోజుల విహారంలో నాలుగు పక్షులు కనిపిస్తే అది ఆనందం, ఏడాది నోటుపుస్తకంలో నాలుగే వరుసలుంటే అది ఇబ్బంది. నాకు తెలిసిన ఒక విద్యార్థిని మూడు నెలల ప్రాజెక్టుకు హార్న్‌బిల్‌ను ఎంచుకుని, సెప్టెంబరులో మొదలుపెట్టింది. వానలో, జలగల మధ్య ఎంతో ఓపికగా తిరిగింది. చివరికి ఆమె దగ్గర మిగిలినవి దూరం నుంచి విన్న అరుపులు, చెట్ల శిఖరాల మీదుగా ఎగిరిపోయిన జంటలు. పండిన మర్రిచెట్టు ఒక్కటి దొరికి ఉంటే కథ వేరుగా ఉండేది, కానీ ఆ కాలంలో ఏ చెట్టు పండుతుందో ముందుగా చెప్పగలిగినవారు ఆమె పక్కన లేరు.

కనిపించేది ఎంత, తెలిసేది ఎంత

గబ్బిలాల చెట్టు కింద ఒక పూట నిలబడి చూస్తే, అది నిద్రపోయే జీవి అన్న అభిప్రాయం పోతుంది. పొద్దెక్కే దాకా కొమ్మల మీద చోటు కోసం కీచులాటలు సాగుతూనే ఉంటాయి. ఆలస్యంగా వచ్చినది ఖాళీ దొరకక ఒకదాని పక్కన వాలబోతే, అది బొటనవేలి గోరుతో విదిలిస్తుంది. ఎండ ముదిరేకొద్దీ ఒక్కొక్కటిగా రెక్కలతో విసురుకోవడం మొదలుపెడతాయి. ముందు ఒక రెక్కతో నెమ్మదిగా, తరువాత వేగంగా, మరీ వేడెక్కితే రెక్కలను నాకి తడుపుకుంటాయి, నీడ కోసం కింది కొమ్మలకు దిగుతాయి. వేడికి ఇవి ఎంత లొంగిపోతాయంటే, 2020 మే నెలలో ఉత్తరప్రదేశ్‌లోని గోరఖ్‌పూర్ జిల్లాలో వడగాడ్పులకు గబ్బిలాలు గుంపుగా చచ్చి పడిపోయాయి. మన కోస్తా, తెలంగాణ ఎండల్లో రోజువారీ ఉష్ణోగ్రత పక్కన ఏ వేళకు విసురుకోవడం మొదలైందో, ఏ వేళకు కిందికి దిగాయో రాసుకుంటే చాలు, ఒక వేసవికే గట్టి ప్రాజెక్టు తయారవుతుంది.

మరొక ముచ్చట కూడా ఉంది. తలకిందులుగా వేలాడే జీవి తన ఒళ్ళు తడుపుకోకుండా మూత్రం ఎలా విసర్జిస్తుందని పిల్లలు తప్పకుండా అడుగుతారు. అది రెండు బొటనవేళ్ళ గోళ్ళతో కొమ్మను పట్టుకుని, కాళ్ళు వదిలి, కాసేపు మనలాగే తల పైకి పెట్టుకుని వేలాడుతుంది, పని కాగానే మళ్ళీ తిరగబడుతుంది. ఎకో క్లబ్ పిల్లలకు ఈ దృశ్యం చూపించగలిగితే, ఆ తరువాత వారిని పిలవనక్కరలేదు, వారే వస్తారు.

సంఖ్యల విషయంలో కూడా గబ్బిలానిదే పైచేయి. సూర్యాస్తమయం తరువాత అరగంట అటూ ఇటూగా బస నుంచి బయలుదేరుతుంది కాబట్టి, ఆకాశాన్ని దిక్కుల వారీగా పంచుకుని నలుగురు లెక్కించవచ్చు. పెద్ద బస అయితే ఒంటరిగా లెక్కించడానికి ప్రయత్నించకండి, మొదటి పది నిమిషాలలోనే చేతులెత్తేస్తారు. పగటిపూట కొమ్మల వారీ లెక్క వేరుగా చేసి రెండింటినీ సరిచూసుకోవాలి. చింతచెట్టు నిండుగా ఆకు మీద ఉన్నప్పుడు పగటి లెక్క ఎప్పుడూ తక్కువే వస్తుందన్న సంగతి మరచిపోకూడదు. జులై నుంచి అక్టోబరు వరకు జతకట్టే కాలం, గర్భం 140 నుంచి 150 రోజులు, ఫిబ్రవరి నుంచి మే వరకు ఈనే కాలం, ఈతకు సాధారణంగా ఒకే పిల్ల. తల్లి పొట్టకు కరచుకున్న పిల్ల కింది నుంచి స్పష్టంగా కనిపిస్తుంది. అంటే సంవత్సరంలో ఏ నెలలో మొదలుపెట్టినా రాసుకోవడానికి ఏదో ఒకటి ఉంటుంది.

హార్న్‌బిల్‌కు ఈ సమతూకం లేదు. సంవత్సరంలో ఎక్కువ కాలం అది మనకు రెక్కల చప్పుడు మాత్రమే. ఆ చప్పుడుకు ఒక కారణం ఉంది. ఎగిరే ఈకల మొదళ్ళను రెక్క అడుగున కప్పి ఉంచే చిన్న ఈకలు వీటికి లేవు, అందువల్ల గాలి ఈకల సందుల్లోంచి దూసుకుపోతూ, దూరాన ఎవరో గట్టిగా ఊపిరి పీల్చి వదులుతున్నట్టు వినిపిస్తుంది. కానీ గూడు కాలం వచ్చిందంటే లెక్క తారుమారవుతుంది. వేసవి మొదలయ్యే వేళకు జంట ఒక పాత పెద్ద చెట్టులో తొర్రను వెతుక్కుంటుంది. తొర్రను సొంతంగా తొలుచుకోవడం దానికి చేతకాదు, ఉన్నది దొరకాలి. ఆడది లోపలికి వెళ్ళి, రెట్టలతోనూ పండ్ల గుజ్జుతోనూ ద్వారాన్ని మూసి, ముక్కు మొన పట్టేంత సందు మాత్రం మిగుల్చుకుంటుంది. లోపల ఉన్నంతలోనే ఎగిరే ఈకలను రాల్చుకుంటుంది. ఆ నెలలన్నీ దాని బతుకు, దాని పిల్లల బతుకు బయట తిరిగే మగదాని మీదే ఆధారపడి ఉంటాయి.

మగది వచ్చే తీరు ఒకసారి చూసినవారు మరచిపోలేరు. ముందు దూరంగా ఒక ఎండుకొమ్మ మీద వాలి, కొంతసేపు కదలకుండా చుట్టూ చూస్తుంది. నమ్మకం కుదిరాక గూటి బెరడుకు ఆనుకుని నిలబడి, తల ఒకసారి విదిలిస్తుంది. గొంతులో దాచి తెచ్చిన మేడిపండు ముక్కు చివరకు వస్తుంది. దానిని సందులో అందిస్తుంది. మళ్ళీ విదిలింపు, మళ్ళీ ఒక పండు. ఎన్నిసార్లు వచ్చింది, వచ్చినప్పుడల్లా ఎన్ని పండ్లు ఇచ్చింది, రెండు రాకల మధ్య ఎంత వ్యవధి గడిచింది అన్న మూడు అంకెలను తెల్లవారి నుంచి చీకటి పడేదాకా రాయగలిగితే, గబ్బిలాల ఏడాది నోట్సుకు దీటైనది ఇక్కడ రెండు నెలలలో దొరుకుతుంది. మనిషి పొడ కనిపిస్తే మాత్రం మగది పండ్లు గొంతులోనే పెట్టుకుని ఎదురుచూస్తుంది, గూటికి రాదు. మీరు దగ్గరగా నిలబడిన ప్రతి గంటా లోపలి పిల్లలకు పస్తే. ఫోటోల కోసం గూటి కిందకు గుంపుగా వెళ్ళేవారితో కలిసి పనిచేయవలసి వస్తే, ఆ పని మానుకోవడమే మేలని నా అభిప్రాయం.

విత్తనాల సంగతి తేల్చుకోవాలంటే

అడవి ఎలా పెరుగుతుందన్న ప్రశ్న మీ మనసులో ఉంటే, ఈ రెండు జీవుల మధ్య తేడా బాగా పనికొస్తుంది. గబ్బిలం పండును నమిలి, రసం మింగి, పీచును ముద్దగా ఒత్తి ఉమ్మేస్తుంది. బస కింద, మేసే చెట్టు కింద ఎండిన ఆ ముద్దలను కర్రతో కదిపి చూస్తే లోపలి పళ్ళ గీతలు కూడా కనిపిస్తాయి. మర్రి, రావి వంటి చెట్ల నలుసంత గింజలు మాత్రం రసంతో పాటు లోపలికి పోయి, కొద్దిసేపటికే, ఎక్కువగా ఎగిరే దారిలో, రెట్టగా పడతాయి. మామిడి టెంక వంటి పెద్ద గింజను మింగలేదు. పండును నోట కరచుకుని మరొక చెట్టుకు తీసుకుపోయి, తిని, టెంకను అక్కడ వదిలేస్తుంది. ఒకే రాత్రిలో పదుల కిలోమీటర్లు తిరిగే జీవి కనుక, అడవి తెగిపోయిన పొలాల మీదుగా కూడా చిన్న గింజలను దాటించగలదు.

హార్న్‌బిల్ నమలదు. పండును ముక్కు మొనతో పట్టి, గాలిలోకి ఎగరేసి, మింగేస్తుంది. గుజ్జు అరిగాక పెద్ద గింజలను చెక్కుచెదరకుండా కక్కుతుంది. ముష్టిచెట్టు పండ్లను తిని, మనుషులను చంపగల విషమున్న గింజలను అలాగే వదిలేయడం దీనికి మామూలు. పెద్ద గింజల అడవి చెట్లకు ఇంత పెద్ద నోరున్న వాహనం మరొకటి సులువుగా దొరకదు. గూటి కింద పోగుపడిన గింజలే దాని భోజన పట్టిక కాబట్టి, పక్షిని చూడకుండానే అది ఏమి తింటుందో రాసుకోవచ్చు.

అందువల్ల అడవిలోపలి పెద్ద చెట్ల గురించి తెలుసుకోదలచినవారికి హార్న్‌బిల్ సరైనది, ఊళ్ళ మధ్య, పొలాల మధ్య, బంజరులో చెట్లు ఎలా మొలుస్తున్నాయో చూడదలచినవారికి గబ్బిలం సరైనది. ఇప్ప చెట్లున్న ప్రాంతం వారికి గబ్బిలం మరొక కారణం చేత కూడా ముఖ్యం. పూత కాలంలో రాత్రిపూట ఇది తియ్యని ఇప్పపూల కోసం వచ్చి, పుప్పొడిని ఒక చెట్టు నుంచి మరొక చెట్టుకు చేరుస్తుంది. తెల్లవారుజామున బుట్టలతో పువ్వు ఏరుకోవడానికి వచ్చే గిరిజనులకు ఆ రాత్రి సందడి కొత్త కాదు.

ప్రమాదం, చట్టం

గబ్బిలాన్ని ఎంచుకోమని చెబుతూ నిఫా మాట దాటవేయడం తప్పవుతుంది. ఈ జాతి గబ్బిలాలు ఆ వైరస్‌కు సహజ నిలయాలు. 2018 మే నెలలో కేరళలోని కోళికోడ్, మలప్పురం జిల్లాలలో అది సోకి 17 మంది మరణించారు. బంగ్లాదేశ్‌లో గబ్బిలాలు మూతి పెట్టిన, ఖర్జూరపు చెట్టు నుంచి తీసిన పచ్చి రసం తాగినవారికి సోకిన సందర్భాలున్నాయి. కాబట్టి నియమాలు కఠినంగా ఉండాలి. బస కింద నేరుగా నిలబడకూడదు, పక్కనుంచి చూడాలి. ముద్దలనూ రెట్టలనూ వట్టి చేతులతో తాకకూడదు, మాస్కు, చేతితొడుగులు ఉండాలి. కింద పడిన గబ్బిలాన్ని, అది పిల్లే అయినా, ముట్టుకోకూడదు. కొరికిన పండు తినకూడదు, మూతలేని ముంతలోని పచ్చి కల్లు తాగకూడదు. బడిపిల్లలను చెట్టు కిందకు తీసుకుపోకుండా, కొంత దూరంలో గీత గీసి అక్కడే ఆపాలి. ఈ నియమాలు పాటించలేని ఉపాధ్యాయులు గబ్బిలాన్ని ఎంచుకోకపోవడమే మంచిది. ఇవి పాటించి దూరం నుంచి చూసేవారికి భయపడవలసిన అవసరం లేదు. బసను కాల్చడం, టపాసులతో తరమడం వంటివి రోగాన్ని తగ్గించవు, బెదిరిన జంతువులను మరిన్ని ఊళ్ళకు చెదరగొడతాయి. తమిళనాడులో కొన్ని ఊళ్ళవారు తమ గబ్బిలాల కోసం దీపావళికి టపాసులే కాల్చరు.

చట్టంలో గబ్బిలం స్థానం ఇటీవలే మారింది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో పండ్ల గబ్బిలాలను చాలాకాలం ఎలుకల సరసన హానికర జీవుల జాబితాలో ఉంచారు. 2022 సవరణతో ఈ పెద్ద గబ్బిలం రెండవ షెడ్యూలులోకి వచ్చింది. కీళ్ళ నొప్పులకు, ఉబ్బసానికి దీని మాంసం మందనే నమ్మకంతో కొట్టేవారికి ఈ సంగతి చెప్పవలసిన బాధ్యత కూడా పరిశీలకుడి మీద పడుతుంది. మలబార్ హార్న్‌బిల్ మొదటి షెడ్యూలులో ఉంది. ఆచరణలో తేడా ఏమిటంటే, ఊరి చెట్టు మీది గబ్బిలాలను దూరం నుంచి చూడడానికి చెట్టు యజమాని అనుమతి చాలు, జాతీయ ఉద్యానంలో హార్న్‌బిల్ మీద పరిశోధన చేయడానికి అటవీశాఖ అనుమతి రాతపూర్వకంగా కావాలి. ఆ కాగితం కోసం నెలలు పట్టవచ్చునని ముందే అనుకుని, గూడు కాలానికి చాలా ముందుగా దరఖాస్తు పెట్టుకోవాలి. ఏ జీవినైనా పట్టుకోవడానికి, నమూనాలు తీయడానికి వేరే అనుమతులు ఉంటాయి, విద్యార్థులు వాటి జోలికి పోవద్దు.

ఖర్చు గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. గబ్బిలానికి 8×42 బైనాక్యులర్, నోటుపుస్తకం, గొడుగు చాలు. హార్న్‌బిల్ గూటికి స్టాండు మీద పెట్టే టెలిస్కోపు, అడవిలో బస, ప్రయాణాలు, దారి తెలిసిన స్థానికుడికి కూలి అవసరమవుతాయి.

ఎవరికి ఏది

మూడు నుంచి ఆరు నెలల గడువున్న పీజీ విద్యార్థి గబ్బిలాన్నే తీసుకోవాలి. ఒకే ఒక్క మినహాయింపు: గడువు ఫిబ్రవరి నుంచి జూన్ మధ్య పడి, అనుమతి చేతిలో ఉండి, అంతకుముందే తెలిసిన గూడు ఒకటి ఉంటే హార్న్‌బిల్‌ను తీసుకోవచ్చు. ఈ మూడింటిలో ఏ ఒక్కటి లేకపోయినా వద్దు. రంపచోడవరం, మారేడుమిల్లి పరిసరాలలో ఉద్యోగం చేసే ఉపాధ్యాయులు, అక్కడే పుట్టి పెరిగిన యువకులు మాత్రం నా సలహాను పక్కన పెట్టి హార్న్‌బిల్‌ను ఎంచుకోవాలి. బయటివారికి ఏళ్ళు పట్టే పని, అంటే ఏ మర్రి ఎప్పుడు పండుతుంది, ఏ తొర్రలోకి జంట మళ్ళీ వచ్చింది అన్న లెక్క, వారికి నడిచే దారిలోనే దొరుకుతుంది. పట్టణంలో ఉంటూ పక్షే కావాలని పట్టుబట్టేవారు బూడిదరంగు హార్న్‌బిల్‌ను వెతుక్కోవచ్చు. పెద్ద చెట్లున్న తోటలలో, పాత క్యాంపస్‌లలో అది బతకగలదు, గూడు పద్ధతి కూడా అదే.

గబ్బిలాన్ని ఎంచుకున్నవారు మొదటి వారంలో లెక్క పెట్టడానికి తొందరపడవద్దు. బసలోని చెట్లన్నింటినీ ఒక కాగితం మీద గీసి, ఒక్కొక్కదానికి అంకె వేసి, పెద్ద కొమ్మలను గుర్తించుకోండి. రెండవ వారం నుంచి ఉదయం తొమ్మిది గంటల లోపే లెక్క ముగించండి. ఆ తరువాత విసురుకునే రెక్కలు పక్కవాటిని కప్పేస్తాయి, రెండు గబ్బిలాలు ఒకటిగా కనిపిస్తాయి.